గోవిందరాజుల గుడిలో పార్థసారథి సన్నిధి ఎప్పటిది?

ప్రశ్న: తిరుపతి గోవిందరాజస్వామి ఆలయంలో శయనమూర్తికి పక్కనే ఉన్న పార్థసారథి సన్నిధే అసలు పాతదని మా తాతగారు చెప్పేవారు. అది నిజమేనాండీ?

జవాబు: నిజమేనండి. చిదంబరంలో గోవిందరాజుల ఆరాధనకు ముప్పు వచ్చినప్పుడు ఉత్సవమూర్తిని తిరుపతికి తరలించగా, రామానుజులు 1130 ప్రాంతంలో ఇక్కడ శయనమూర్తిని ప్రతిష్ఠించారని సంప్రదాయం చెబుతుంది. పార్థసారథి అంతకు ముందునుంచే పూజలందుకుంటున్నారని చరిత్రకారుల అభిప్రాయం. వెనక వచ్చిన స్వామి పేరే గుడికి స్థిరపడిపోయింది.

మరో జవాబు: గోవిందరాజుల తల కింది కుంచాన్ని చూసి, కుబేరుడి అప్పు కథ చెప్పుకుంటూ చాలామంది అటునుంచి అటే బయటికి వచ్చేస్తారు. రుక్మిణీ సత్యభామలతో కొలువైన పార్థసారథి దగ్గర రద్దీ ఉండదు. నాకైతే అదే మేలు.

ప్రశ్న అడిగినవారు: ఆండాళ్ సన్నిధి మాటేమిటండీ?

జవాబు: దానినీ రామానుజులకే ఆపాదిస్తారు.