చీలమండ బెణికి 19 రోజులు, గిరి ప్రదక్షిణకు నడవొచ్చా?

ఎంవీపీ కోడలు:
ఇసుకతోటలో ఆటో దిగుతూ గుంతలో కాలేశాను, ఎడమ పాదం లోపలికి మడతపడింది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, లిగమెంట్ సాగిందన్నారు. ఇవాళ్టికి 19 రోజులు. ఇంట్లో తిరిగితే నొప్పి లేదు. పొద్దున చెప్పు వదులుగానే ఉంటుంది, సాయంత్రానికి పట్టీ అచ్చు చర్మంలోకి దిగిపోతోంది. మెట్లు ఎక్కగలను, దిగేటప్పుడే బెదురు. ఆషాఢ పౌర్ణమి ఇంకా పది రోజులే. సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు ఏటా నడుస్తున్నా. "మొక్కుకుంటే ఆయనే నడిపిస్తాడు" అని మా అత్తగారు. ఆ మాటెత్తితేనే మా ఆయన కసురుతున్నారు. మానిందో లేదో ఇంట్లోనే తెలుస్తుందా?

పాత పోస్టాఫీసు:
ఆవనూనె రాసి గట్టిగా మర్దనా చేయించమ్మా, రెండ్రోజుల్లో పరిగెడతావు.

కొండెక్కినోడు:
బాబాయ్ గారూ, వాపున్న కాలిని పిసికించకండి, పుణ్యముంటుంది.

అక్కా, నాదీ ఇదే కథ. కైలాసగిరి మెట్ల మీద బెణికింది. నొప్పి పోయింది కదాని మూడో వారం బీచ్ ఇసుకలో నడిచా, మళ్లీ అదే కాలు. నొప్పి ముందు పోతుంది. పాదం ఏ వాటంలో ఉందో చెప్పే పట్టు ఆలస్యంగా వస్తుందని ఫిజియో చెప్పారు. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి అంకెలు లెక్కపెట్టండి. ముందు మంచి కాలు, తర్వాత దెబ్బ కాలు. నాకు మంచి కాలి మీద 30 దాటింది, రెండో దాని మీద 8కే ఊగిపోయా. తర్వాత గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీదే మడమ పైకెత్తండి, రెండు కాళ్లకీ ఒకే లెక్క రావాలి. రెండూ కుదిరితే శివాజీ పార్కులో ఒక కిలోమీటరు నడిచి, మర్నాడు పొద్దున వాపు చూసుకోండి.

చీలమండ ఎముక వెనక అంచున వేలితో నొక్కితే జివ్వుమన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా మళ్లీ డాక్టర్ దగ్గరికే. ప్రదక్షిణంటే రాత్రి, గుంపు, చాలామందికి ఉత్త కాళ్లు. సాయంత్రానికి వాచే కాలితో నేనైతే వెళ్లను.

ఎంవీపీ కోడలు:
ఇప్పుడే చూశా తమ్ముడూ. కుడి కాలు 30. ఎడమ కాలు 6కే ఫ్రిజ్ పట్టుకున్నా, పైనున్న ఊరగాయ జాడీ కదిలింది. మడమ ఎత్తడం దాకా పోలేదు. ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ మాత్రం కొట్టొస్తా. నడక మా మరిది చేస్తాడట, అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు.