మూడేళ్ల కాంట్రాక్ట్ చేతిలో ఉండగా ఆడనని కూర్చోవచ్చా? (ఇసాక్, న్యూకాసిల్)

టూన్_వరంగల్:
ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఎంఎస్సీ చదివే రోజుల్లో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు పిచ్చి పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. అందుకే ఈ కోపం చల్లారట్లేదు. 2025 మార్చి 16, వెంబ్లీ, లివర్‌పూల్ మీద కారబావ్ కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్) ఫైనల్. లివ్రమెంటో క్రాస్ వేశాడు, మర్ఫీ తలతో దింపాడు, మా స్ట్రైకర్ ఇసాక్ ఆగకుండా లోపలికి కొట్టాడు. 1955 తర్వాత ఇంగ్లండ్‌లో మాకు దక్కిన మొదటి పెద్ద కప్పు అది.

అదే మనిషి ఆ వేసవిలో జట్టుతో ఆసియా టూర్‌కి వెళ్లలేదు. స్పెయిన్‌లో తన పాత క్లబ్ మైదానంలో ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకున్నాడు. ఆగస్టు 19న, వెళ్లనిస్తామని క్లబ్ మాటిచ్చి తప్పిందని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. వెళ్లొచ్చని మేమెవరమూ మాటివ్వలేదని క్లబ్ ఆ రాత్రే బదులిచ్చింది. సెప్టెంబర్ 1న 12.5 కోట్ల పౌండ్లకి లివర్‌పూల్ వెళ్లిపోయాడు. అప్పటికి బ్రిటన్‌లో అది రికార్డు. కాంట్రాక్ట్ చూస్తే 2028 దాకా ఉంది!

సంతకానికి విలువే లేదా? ఇంకోటి, మేనేజర్ ఎడ్డీ హౌ అంత మెత్తగా ఎందుకున్నాడు? మాంచెస్టర్ యునైటెడ్ పాత మేనేజర్ ఫెర్గూసన్ లాంటివాడైతే నాలుగు కడిగేసేవాడు కదా.

గుంటూరు_గన్నర్:
తమ్ముడూ, నీ బాధ నాకర్థమైంది. కానీ ఈ కథ మొదలైంది మీ క్లబ్‌లోనే.

నేను ఆర్సెనల్ వాణ్ణి, జార్జ్ ఈస్థమ్ అనే పాత ఆటగాడి పేరు మాకు బాగా తెలుసు. 1960లో న్యూకాసిల్‌తో ఆయన కాంట్రాక్ట్ అయిపోయింది. గమనించు, అయిపోయింది. అయినా పోనివ్వలేదు. అప్పటి పద్ధతిలో కాంట్రాక్ట్ ముగిసినా రిజిస్ట్రేషన్ క్లబ్ గుప్పిట్లోనే ఉండేది. వాళ్లు వదిలితే తప్ప ఇంకో జట్టుకి ఆడటానికి లేదు. ఇచ్చిన ఇల్లు బాగోలేదన్న దగ్గర నుంచీ ఆయనకి క్లబ్‌తో చాలా గొడవలున్నాయి. ఆడనని చెప్పేసి గిల్డ్‌ఫర్డ్ వెళ్లి, తెలిసినాయన దగ్గర కార్క్ అమ్మే ఉద్యోగంలో చేరాడు. తర్వాత 1966 వరల్డ్ కప్ జట్టులో ఉన్న మనిషి, అప్పుడు కార్క్ అమ్ముకుని బతికాడు.

చివరికి ఆ నవంబర్‌లో 47,500 పౌండ్లకి మా దగ్గరికి పంపారు. కావలసింది దొరికింది కదా అని ఆయన ఊరుకోలేదు. ఆటగాళ్ల సంఘం అండతో కోర్టుకెళ్లాడు. 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్, ఆటగాణ్ణి అలా పట్టి ఉంచడం చెల్లదని తీర్పిచ్చారు. జీతం సంగతీ అంతే. వారానికి 20 పౌండ్లు దాటకూడదన్న రూల్‌ని సమ్మె చేస్తామని బెదిరిస్తే గానీ 1961 జనవరిలో ఎత్తేయలేదు. ఈ రోజు ఇసాక్‌కి ఉన్న బలం ఇలా కొట్లాడి తెచ్చుకున్నదే.

ఇక సంతకం విలువ అంటావా, 2024 జూన్ నెలాఖరు గుర్తు తెచ్చుకో. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకి మించి నష్టం చూపకూడదన్న రూల్ మెడ మీదికొచ్చేసరికి మీవాళ్లు ఇలియట్ ఆండర్సన్‌ని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్‌కి అమ్మారు. చిన్నప్పటి నుంచీ మీ అకాడమీలో పెరిగిన ఊరి పిల్లాడు, కాంట్రాక్ట్ ఉన్నవాడు, పోతానని గోల చేసినవాడు కాదు. క్లబ్ లెక్కలు సరిపెట్టుకోడానికి ఆ కుర్రాడు సర్దుకోవాల్సి వచ్చింది. అప్పుడు సంతకం సంగతి ఎవరూ అడగలేదు. క్లబ్ తెంచుకుంటే వ్యాపారం, ఆటగాడు తెంచుకుంటే ద్రోహం అంటే నేనొప్పుకోను.

నీలం_గాజువాక:
మేనేజర్ సంగతి నేను చెప్తా, మాంచెస్టర్ సిటీ వాళ్లం అనుభవించాం.

2011 సెప్టెంబర్ 27, మ్యూనిక్. 2-0తో వెనకబడి ఉన్నాం. మా స్ట్రైకర్ టెవెజ్‌ని ఆటలోకి దిగమంటే దిగనన్నాడని మా మేనేజర్ మాన్‌చీనీ, నేనలా అనలేదని టెవెజ్. ఆట అయిన గంటలోపే మాన్‌చీనీ టీవీ ముందు, నా వరకు అతని పని అయిపోయింది అనేశాడు. వినడానికి మాకు ఎంత బాగుందో! టెవెజ్ నవంబర్‌లో అర్జెంటీనా వెళ్లి ఫిబ్రవరి దాకా రాలేదు. అంత మాట అన్నాక అతన్ని మంచి ధరకి ఎవరు కొంటారు? జనవరి గడిచిపోయింది, అమ్ముడుపోలేదు. మార్చిలో చెల్సీ మీద గోల్ కావాల్సొస్తే అదే మాన్‌చీనీ అదే టెవెజ్‌ని దించాడు, అతని పాస్‌తోనే నస్రీ గెలిపించాడు. ఏప్రిల్‌లో నార్విచ్ మీద హ్యాట్రిక్. మేలో పాయింట్లు సమానమై, గోల్స్ తేడాతో మాకు లీగ్ టైటిల్.

టోటెన్‌హామ్ మేనేజర్‌గా ఉన్న కాంటే ఇంకా దారుణం. 2023 మార్చిలో సౌతాంప్టన్ దగ్గర 3-1 నుంచి 3-3 అయ్యేసరికి ఆటగాళ్లు స్వార్థపరులన్నాడు, యజమానినీ వదల్లేదు. పదిరోజులు తిరక్కుండా ఆయనే వెళ్లిపోయాడు.

ఫెర్గూసన్ అంటున్నారు గానీ, 2010 అక్టోబర్‌లో తన ఆటగాడు రూనీ పోతానంటున్నాడని ప్రెస్ ముందు చెప్పి మూడు రోజుల్లో ఏం చేశారు? కొత్తగా అయిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. గెలిచింది రూనీయే.

హౌ, సరిగ్గా నడుచుకోనివాడు మామూలుగా వచ్చి జట్టుతో ప్రాక్టీస్ చేస్తానంటే కుదరదు అన్నంత వరకే అని ఆగాడు. తలుపు మాత్రం మూయలేదు. అందుకే లివర్‌పూల్ 12.5 కోట్లు పెట్టాల్సి వచ్చింది. ఆయన నోరు జారి ఉంటే అందులో ఎంత తగ్గేదో ఆలోచించండి.

గుంటూరు_గన్నర్:
బాగా చెప్పారు. తమ్ముడూ, ఇంకొక్కటి. అదే సెప్టెంబర్ 1న మీరు బ్రెంట్‌ఫర్డ్ క్లబ్ నుంచి విస్సా అనే స్ట్రైకర్‌ని తెచ్చుకున్నారు కదా. నన్ను వదలండని బ్రెంట్‌ఫర్డ్ మీద అతనూ బహిరంగంగా పోస్ట్ పెట్టినవాడే.

టూన్_వరంగల్:
అవునన్నా, బ్రెంట్‌ఫర్డ్ వాళ్లకీ నా కోపమే ఉంటుంది, ఉండాలి కూడా. ఆండర్సన్ పోయినప్పుడు నేనూ ఏడ్చినంత పని చేశా. ఈస్థమ్‌కి కాంట్రాక్ట్ లేదు, ఇసాక్‌కి ఉంది, ఆ తేడా మాత్రం నేను వదలను.

నాకు అసలు మంట ఆగస్టు 25. అదే లివర్‌పూల్ మా మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌కి వచ్చింది. మాకు ముందు ఆడేవాడు లేడు. గోర్డన్‌ని సర్దితే రెడ్ కార్డ్. పదిమందితో 2-2 దాకా లాక్కొచ్చాం. 100వ నిమిషంలో పదహారేళ్ల న్గుమోహా కొట్టి 3-2 చేశాడు. లీగ్ నడుస్తుండగా ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లని కొనే, అమ్మే గడువు) తెరిచి ఉంచబట్టే కదా ఇదంతా. 2018, 2019లో మొదటి మ్యాచ్‌కి ముందే మూసేశారు. మిగతా యూరప్ మూయట్లేదని 2020లో ఆ పద్ధతి తీసేశారు. మళ్లీ పెట్టమనండి. ఇంగ్లండ్‌లోనే ఇంకో జట్టుకి ఎవరు పోవాలన్నా లీగ్ మొదలయ్యేలోపే పోతారు, కొత్తవాణ్ణి తెచ్చుకోడానికి మాకూ సమయం దొరుకుతుంది.