గుడ్డు మానేసినా ఎల్‌డీఎల్ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న

నాకు 46 ఏళ్లు. ఫిబ్రవరిలో చేయించుకున్న రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారు కదా, అది) 168 వచ్చింది. ఆనాటి నుంచి గుడ్డు, మాంసం పూర్తిగా మానేశాను. ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే 161 ఉంది. కొలెస్ట్రాల్ జంతు సంబంధమైన ఆహారంలోనే ఉంటుందని చదివాను. మరి తినని పదార్థం రక్తంలోకి ఎక్కడి నుంచి వస్తోంది? డాక్టరు గారు స్టాటిన్ మాత్ర రాశారు గాని, అది ఏం చేస్తుందో తెలియకుండా వేసుకోవడానికి మనసొప్పడం లేదు.

మొదటి జవాబు

మీ రక్తంలో ఉన్న కొలెస్ట్రాల్‌లో అధిక భాగం మీ శరీరం తయారుచేసుకున్నదేనండి. కణాల పొరలకు, పైత్యరసానికి, కార్టిసాల్, ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లకు అదే ముడిసరుకు కాబట్టి, దాని సరఫరాను శరీరం మన భోజనం దయకు వదిలిపెట్టలేదు. రోజుకు సుమారు ఒక గ్రాము తానే తయారుచేసుకుంటుంది; ఒక గుడ్డులో ఉండేది దాదాపు 200 మిల్లీగ్రాములు, అదీ పేగులు పూర్తిగా పీల్చుకోవు.

కణంలో కొలెస్ట్రాల్ తగ్గినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ-2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి రెండు పనులు చేయిస్తుంది: కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమును పెంచుతుంది, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలను కూడా పెంచుతుంది. ఈ గ్రాహకాలను కనుగొన్న మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే రోగుల చర్మకణాలను పరిశీలించి వారు ఈ సంగతి తేల్చారు.

స్టాటిన్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. అది ఆ ఎంజైమును అడ్డుకోగానే కాలేయ కణాలు కొరత వచ్చిందని భావించి గ్రాహకాలను పెంచుకుంటాయి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటాయి. తయారీ తగ్గడం కన్నా ఈ లాక్కోవడమే అసలు ప్రయోజనం. ఇటువంటి మందుల్లో మొదటిదాన్ని 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక పెనిసిలియం బూజు నుంచి వేరుచేశారు.

రెండవ జవాబు

పై వివరణ సరైనదే గాని, మీరు గుడ్డు స్థానంలో ఏం తింటున్నారో చెప్పలేదు. ఎల్‌డీఎల్ పెరగడానికి ఆహారంలోని కొలెస్ట్రాల్ కన్నా సంతృప్త కొవ్వే పెద్ద కారణం, ఎందుకంటే అది కాలేయంలోని ఆ గ్రాహకాల పనిని తగ్గిస్తుంది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, పామాయిల్ అన్నీ ఈ కోవలోనివే. పామాయిల్ శాకాహారమే అయినా ఆ విషయంలో మినహాయింపు లేదు.

ఎల్‌డీఎల్ తగ్గడానికి మరో మార్గం కూడా ఉంది. కొలెస్ట్రాల్ అణువులోని వలయాలను మన శరీరం విడగొట్టలేదు. అది బయటికి పోయేది ప్రధానంగా పైత్యరసంతోనే. ఆ రసంలోని పైత్య ఆమ్లాల్లో దాదాపు 95 శాతాన్ని పేగు తిరిగి కాలేయానికి పంపేస్తుంది. ఇసబ్గోల్, ఓట్స్, బార్లీలలో ఉండే కరిగే పీచు వాటిలో కొంత భాగాన్ని పట్టుకుని విసర్జనలోకి పంపుతుంది. కొత్త పైత్య ఆమ్లాల తయారీకి కాలేయం కొలెస్ట్రాల్ వాడుకోవలసి వస్తుంది, అందుకోసం రక్తం నుంచి ఎల్‌డీఎల్‌ను తీసుకుంటుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి

నిజం చెప్పాలంటే, ఉదయం రెండు ఉడికించిన గుడ్లు తినేవాణ్ణి. మానేశాక దారిలో టిఫిన్ సెంటరులో పూరీ, వడ తింటున్నాను. అక్కడ వాడే నూనె ఏమిటో ఎన్నడూ అడగలేదు.

మూడవ జవాబు

అయితే ఆ 7 పాయింట్లు తగ్గడమే ఎక్కువ! ఇంకొక విషయం చూసుకోండి. థైరాయిడ్ హార్మోను తక్కువైతే కాలేయంలో ఎల్‌డీఎల్ గ్రాహకాలు తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అటువంటప్పుడు ముందు థైరాయిడ్‌కు చికిత్స చేస్తే ఎల్‌డీఎల్ చాలావరకు దిగివస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఆ సంగతి కూడా డాక్టరు గారికి చెప్పండి. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది బీపీ, షుగర్, పొగతాగే అలవాటు అన్నీ కలిపి ఆయన తేల్చవలసిన విషయం, 161 అంకె ఒక్కటే దాన్ని నిర్ణయించదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

మా నాన్నగారికి 51వ ఏట గుండెపోటు వచ్చింది. ఈ మాట నేను డాక్టరు గారికి చెప్పలేదు. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించలేదు. సోమవారం రెండు విషయాలూ ఆయన ముందు పెడతాను.