రినైసాన్స్ కట్టడాలు నిజంగా రోమన్ కాపీలేనా?

ప్రశ్న:
ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. "రినైసాన్స్ అంటే గ్రీకు, రోమన్ శైలి మళ్ళీ రావడం" అని నోట్స్‌లో ఒక్క ముక్క రాసి ఉంది. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పొంతన కుదరడం లేదు. రోమన్ల స్టేడియం కొలోసియంలో ఆర్చ్‌ల బరువు మోసేవి లావాటి దిమ్మలు. స్తంభాలు వాటికి అతికించినట్టు ఉంటాయి. రినైసాన్స్ ఆర్కిటెక్ట్ బ్రునెలెస్కీ 1419లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మొదలుపెట్టిన అనాథాశ్రమం వరండాలో మాత్రం ఆర్చ్‌లు సన్నటి స్తంభాల మీంచే లేస్తాయి. మరి ఇది రోమన్ ఎలా అవుతుంది? సోమవారం ప్రెజెంటేషన్, ఒకటే టెన్షన్.

జవాబు 1:
డోమ్‌తో మొదలుపెట్టండి. రోమ్‌లోని పాత గుడి పాంథియన్‌ని చూసే కదా బ్రునెలెస్కీ ఫ్లోరెన్స్ కేథడ్రల్ (పెద్ద చర్చి) డోమ్ కట్టింది.

జవాబు 2:
మీరు పట్టుకున్న తేడా సరైనదే, దాన్ని వదలకండి. ఆ రోజుల్లో ఫ్లోరెన్స్ వాళ్ళు తమ బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే కట్టడం) ఒకప్పటి రోమన్ల మార్స్ దేవుడి గుడి అని నమ్మేవారు. నిజానికి ఇప్పుడున్న కట్టడం రోమన్ల తర్వాత కొన్ని వందల ఏళ్ళకు లేచింది. అంటే వాళ్ళు రోమన్ అనుకున్నవన్నీ రోమన్ కావు. స్తంభాల మీద నేరుగా ఆర్చ్‌లు కావాలంటే అదే ఊళ్ళో, 11వ శతాబ్దంలో మొదలైన సాన్ మినియాటో చర్చి లోపల చూడండి. బ్రునెలెస్కీకి రోమ్ ఎంత గురువో, సొంత ఊరి పాత చర్చీలూ అంతే గురువులని నా అభిప్రాయం.

డోమ్ విషయంలో పై జవాబుతో నేను ఏకీభవించను. పాంథియన్‌ది సెంట్రింగ్ (తాత్కాలిక చెక్క ఊత) మీద పోసిన కాంక్రీటు, లోపల 43 మీటర్ల అర్ధగోళం. 1420లో మొదలై 1436లో పూర్తయిన ఫ్లోరెన్స్ డోమ్‌ది ఎనిమిది పలకల ఇటుక కట్టుబడి, ఒకదానిలో ఒకటిగా రెండు పొరలు, పైకి కోసుగా ఉంటుంది. కింది నుంచి సెంట్రింగే వేయలేదు. ఆ 463 మెట్లూ నేను ఎక్కాను. రెండు పొరల మధ్య సందులో గోడ ముఖానికి అడుగు దూరంలో నడుస్తాం. పడుకోబెట్టిన ఇటుకల మధ్య కొంత దూరానికొకటి నిలువుగా నిలబెట్టిన ఇటుక కనిపిస్తుంది. ఆ నిలువు ఇటుకలు వరుస వరుసకీ పక్కకి జరుగుతూ మెలిక తిరిగి పైకి పోతాయి. సున్నం గట్టిపడేదాకా కొత్త వరుసను జారకుండా పట్టుకునేవి అవే. చేత్తో తడిమి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. పాంథియన్‌లో ఈ పని లేదు.

అచ్చంగా రోమ్ నుంచి తీసుకున్నది చూపించాలంటే మరో రినైసాన్స్ ఆర్కిటెక్ట్ ఆల్బెర్టీ దగ్గరికి వెళ్ళండి. మాంటువాలో 1472లో మొదలైన సాంట్ ఆండ్రియా చర్చి ముఖభాగంలో రోమన్ విజయతోరణాన్నీ గుడి ముఖాన్నీ ఒకే గోడలో కలిపేశాడు.

ప్రశ్న వేసినవారు:
చాలా థాంక్సండీ! మరి గ్రీకు సంగతి?

జవాబు 2:
దాదాపు అంతా రోమ్ గుండా వచ్చిందే. గ్రీస్ వెళ్ళి కట్టడాలు చూసి వచ్చిన ఇటాలియన్లు చాలా తక్కువ. 1458 నుంచి ఏథెన్స్ ఒట్టోమన్ టర్కుల చేతిలో ఉండేది. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి డోరిక్ (గ్రీకుల సాదా శైలి) స్తంభానికి పీఠం ఉండదు, నేరుగా రాతి మెట్టు మీద నిలబడుతుంది. రోమ్‌లో రినైసాన్స్ ఆర్కిటెక్ట్ బ్రమాంటే కట్టిన టెంపియెట్టో అనే చిన్న గుండ్రటి చర్చిలో 16 స్తంభాలకీ పీఠాలున్నాయి. ఆ రెండు స్తంభాల అడుగుభాగాలు జూమ్ చేసి ఒకే స్లైడ్‌లో పెట్టండి.