జాబ్ మానకుండా నెట్టుకొచ్చేదెలా? ఓపిక అయిపోతోంది

బ్రాడీపేట_అమ్మాయి:
మాది గుంటూరు, జాబ్ విజయవాడ గవర్నర్‌పేటలో. అయిదింటికి లేచి టిఫిను, క్యారేజీలు, పాపకి జడలు అన్నీ అయ్యి బస్సెక్కేసరికి ఒళ్ళు హూనం, ఫ్రీ బస్సు వచ్చాక డబ్బులైతే మిగులుతున్నాయి గానీ సీటు దొరికితే ఒట్టు, దొరికిన రోజు మంగళగిరి దాటకుండానే నిద్ర. మా ఆయన మంచోడే, చెప్పిన పని చేస్తాడు, కానీ ప్రతీదీ నేను చెప్పాలి, గ్యాస్ బుక్ చేశావా అని కూడా నన్నే అడుగుతాడు. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడిపోతోంది, ఊరికే పాప మీద అరుస్తున్నా. అత్తగారు జాబ్ మానెయ్యమంటున్నారు. నాకు మానాలని లేదు.

పటమట_పిల్ల:
అక్కా ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు చేయించుకో. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 57 శాతం ఆడవాళ్ళకి రక్తహీనతే అని తేలింది, మనమేమో పని ఎక్కువై నీరసం అనుకుంటాం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టర్‌ని అడిగి ఐరన్ వేసుకో, వేసుకోగానే టీ తాగకు, ఒంటికి పట్టదు.

విజయ_రిటైర్డ్:
మేమూ ఉద్యోగాలు చేసి ఇద్దరేసి పిల్లల్ని పెంచాం తల్లీ, ఇంత గోల లేదు.

సత్యనారాయణపురం_సుబ్బు:
మీకు ఇంట్లో అత్తగారో అమ్మగారో ఉండేవాళ్ళు కదండీ విజయ గారూ, ఆ సంగతి కూడా చెప్పాలిగా. నేను మగాణ్ణే, 2024 టైమ్ యూజ్ సర్వే చూశా, ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగాళ్ళు 88, అదీ ఎంతోకొంత చేసే మగాళ్ళ లెక్క, అసలు ముట్టుకోనోళ్ళు అందులో లేరు. సిస్టర్, మీ ఆయనకి పనులు చెప్పకండి, ఒక డిపార్ట్‌మెంటే అప్పజెప్పేయండి. మా ఇంట్లో స్కూల్ డైరీ, రాత్రి వంట, గ్యాసు నావి. మా ఆవిడ గుర్తుచెయ్యదు. ఒకసారి సిలిండర్ అయిపోయి బయటినుంచి ఇడ్లీ తెచ్చుకున్నాం, ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలా.

పటమట_పిల్ల:
😂 సుబ్బన్నయ్యా మా ఆయనకి ఈ లింక్ పంపిస్తున్నా

కొత్తపేట_లలిత:
రక్తం బాగానే ఉండి కూడా ఏడుపు, చిరాకు తగ్గకపోతే మనసు బాగోనప్పుడు మాట్లాడే గవర్నమెంటు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యమ్మా, ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. జాబ్ మాత్రం తొందరపడి మానకు, మానేసినా అయిదింటికి లేవడం తప్పదు, జీతం ఒక్కటే పోతుంది. ఆఫీసులో వారానికి రెండ్రోజులు ఇంటినుంచి చేస్తానని అడిగావా? అడిగితే ఏమన్నారు?