నూ ఎర్ తన్ స్టుండిన్ కోమిన్ టిల్ హండా: దీన్ని తెలుగులో ఎలా అనాలి?

ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవుల భాషోద్యమం గురించి ఎక్కడ చదివినా ఈ పద్యపాదం తగుల్తూనే ఉందండి. "సమయం ఆసన్నమైంది" అంటే ఎన్నికల స్పీచ్‌లా ఉంటోంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

— "ఆ వేళ ఇప్పుడు చేతికందింది" అనండి, చాలు. స్టుండ్ అంటే వేళ, టిల్ హండా అంటే చేతికే, పంట చేతికందింది అంటాం కదా అలాగ. హండా అనేది పాత షష్ఠీ రూపం, మాటల్లో ఆ విభక్తి దాదాపు పోయింది, ఇలాంటి పలుకుబళ్ళలోనే మిగిలింది.

రాసింది యోవాన్నెస్ పాతుర్సన్, అప్పటికి 22 ఏళ్ళ కుర్రాడు. 1888 డిసెంబర్ 26న ఆ దీవుల రాజధాని టోర్స్‌హావ్న్‌లో, వాళ్ళ పార్లమెంట్ భవనంలో, ఫారో భాషనీ ఆచారాల్నీ ఎలా కాపాడుకోవాలా అని మీటింగ్ పెట్టుకున్నారు, అక్కడ దీన్ని రాస్ముస్ ఎఫెర్షో అనే కవి చదివి వినిపించాడు. అప్పట్లో చర్చిలో, బళ్ళో, ఆఫీసులో అంతా డెన్మార్క్ వాళ్ళ డేనిష్ భాషే, ఫారో భాషకి ఇప్పుడు వాడే స్పెల్లింగ్ పద్ధతికి హామర్‌షైంబ్ అనే పాస్టర్ పునాది వేసింది కూడా 1846లోనే. అంతకుముందు వందల ఏళ్ళు భాషని మోసింది పాటలండీ! చేతులు పట్టుకుని గొలుసులా తిరుగుతూ, వాయిద్యం లేకుండా అడుగుల చప్పుడే తాళంగా, సిగుర్డ్ అనే పురాణ వీరుడి గాథలు చరణం తర్వాత చరణం కంఠతా పాడేవాళ్ళు, అలాంటి జనానికి తీర్మానాల కన్నా పద్యమే సూటిగా తగిలిందని నా నమ్మకం.

— మరి డేనిష్ వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారా అండీ?

— ఎక్కడండీ, ఫారో భాష బళ్ళో డేనిష్‌తో సమానమయ్యేసరికి 1938 వచ్చింది, అంటే 50 ఏళ్ళు. భాష గొడవే రాజకీయం అయింది, పాతుర్సన్ స్వపరిపాలన వైపు నిలబడ్డాడు, డెన్మార్క్‌తోనే ఉందాం అన్నవాళ్ళు 1906లో యూనియన్ పార్టీ పెట్టారు. 1946 రెఫరెండంలో విడిపోదాం అన్నవాళ్ళు కొద్ది తేడాతో గెలిచినా డెన్మార్క్ రాజు ఫారో పార్లమెంట్‌ని రద్దు చేశాడు, మళ్ళీ ఎన్నికలు పెడితే కలిసుందాం అనేవాళ్ళదే పైచేయి అయింది. చివరికి 1948 స్వపరిపాలన చట్టం ఫారోని ప్రధాన భాష అంది, డేనిష్ కూడా బాగా నేర్పాలని అందులోనే రాశారు. ఆ రెండో షరతు మీద కోపం ఉన్నవాళ్ళు ఉంటారు గానీ, యాభై వేల పైచిలుకు జనానికి మిగతా నార్డిక్ దేశాల వాళ్ళతో మాట్లాడ్డానికి అదే దారి, నాకైతే అది నష్టంలా అనిపించదు.