"చివరి పరికరం" అంటే ఏది? ప్రాఫిబస్ కాగితంలో ఒక మాట

చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలయ్యేలోపే లైన్లన్నీ సరిచూసుకోవాలి కదా, అందుకని మెయింటెనెన్స్ పిల్లల కోసం ప్రాఫిబస్ (ఫ్యాక్టరీ యంత్రాలన్నీ ఒకే కేబుల్ మీద మాట్లాడుకునే పద్ధతి) సెట్టింగులు ఒక పేజీలో తెలుగులో రాస్తున్నాను. ఇదివరకు ఎవరో రాసిపెట్టిన కాగితంలో "చివరి పరికరం దగ్గర టెర్మినేషన్ ఆన్ చేయాలి" అని ఉంది. టెర్మినేషన్ అంటే కేబుల్ కొసకు వెళ్ళిన సిగ్నల్ వెనక్కి తిరిగిరాకుండా ఆపే రెసిస్టర్లు, కనెక్టర్ మీది చిన్న స్విచ్‌తో ఆన్ అవుతాయి. వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ చదివినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పరికరం చూపిస్తారు. ఒక్కో పరికరానికి ఇచ్చే అడ్రస్ నంబరు దేనికి పెద్దదో అదే చివరిది అనుకునేవాళ్ళు ఉన్నారు, పిఎల్‌సికి (లైనంతా నడిపే కంట్రోలర్‌కు) అన్నిటికంటే దూరంగా ఉన్న ప్యానెల్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. నిజానికి అడ్రస్‌కూ దీనికీ సంబంధమే లేదు, 3వ నంబరు పరికరం కూడా కేబుల్ కొసన ఉండొచ్చు. పైగా ఆన్ చేయాల్సింది ఒకచోట కాదు, కేబుల్ రెండు వైపులా. మొదలంటూ ఒకటి ఉన్నదానికే మనం చివర అంటాం, అందుకే ఆ మాట వినగానే మనసులోకి ఒక్క వైపే వస్తుంది. తాడుకైతే రెండు కొసలు అంటాం. అందుకే "కొస" రాద్దామనుకుంటున్నా, ఏమంటారు?

రేణిగుంట నుంచి జవాబు:
నా ఓటు కొసకే. ఒకవైపే ఆన్ చేస్తే ఏమవుతుందో కూడా రాయండి అన్నా. తెరిచి ఉన్న కొసకు వెళ్ళిన సిగ్నల్ వెనక్కి తిరిగొచ్చి కొత్త సిగ్నల్‌తో కలిసిపోతుంది, వేగం తక్కువైతే, కేబుల్ పొట్టిదైతే అలాగే నడిచిపోతుంది కూడా. అదే అసలు టెన్షన్. ఎవరో వేగం సెకనుకు 1.5 మెగాబిట్లకు పెంచిన రోజున తప్పు చూపే ఎర్ర లైటు వెలుగుతుంది. చూసుకోవడం సులువే: పవర్ అంతా ఆపి కనెక్టర్లో 3, 8 పిన్నుల మధ్య మీటరు పెడితే సుమారు 110 ఓములు రావాలి, 220 వస్తే ఒక్కవైపే ఆన్‌లో ఉందని అర్థం.

పలమనేరు నుంచి జవాబు:
కొసప్రాణం అంటాం కదండీ, అక్కడ కొస అంటే ఆఖరే. కాబట్టి ఒక్క కొసను నమ్ముకుంటే లాభం లేదు. మావైపు "కడ" కూడా ఉంది, కానీ "నా కడ ఉంది" అంటే నా దగ్గర ఉందనే అర్థం, మీ కాగితంలో అది వద్దు. "కడగొట్టు" వినసొంపుగా ఉంటుంది గానీ అదీ ఒక్కటే, ఇంట్లో కడగొట్టు పిల్లలు ఇద్దరుండరు.

మళ్ళీ నేను:
కొసప్రాణం నాకు తట్టలేదు, మంచి అడ్డు. అయితే "రెండు" తప్పకుండా ఉండాలి. ఇలా రాస్తే? "కేబుల్ రెండు కొసల్లో ఉన్న కనెక్టర్ల స్విచ్ ఆన్, మధ్యలో ఉన్నవన్నీ ఆఫ్." పిఎల్‌సి కేబుల్ మధ్యలో ఉంటే దాని స్విచ్ కూడా ఆఫే, అది ఒక కొసనే ఉండాలన్న రూలేమీ లేదు. మధ్యలో పొరపాటున ఆన్ చేస్తే చాలా కనెక్టర్లలో అక్కడి నుంచి బయటికెళ్ళే కేబుల్ తెగిపోయినట్టే, దాని తరువాతి పరికరాలన్నీ మాయం. ఆ స్విచ్ పక్కనే వచ్చేది, పోయేది అని బాణాలుంటాయి, వాటికి "లోపలికి, బయటికి" చాలు.

రేణిగుంట:
కొసన ఉన్న పరికరానికి పవర్ తీసేస్తే టెర్మినేషన్ పనిచేయదని కూడా కలపండి, ఆ రెసిస్టర్లకు 5 వోల్టులు ఇచ్చేది ఆ పరికరమే. రిపేరుకని కడపటి మోటారు డ్రైవ్ ఆపేసి, మిగతా లైనంతా ఎందుకు వణుకుతోందో తెలియక తల పట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

శ్రీకాళహస్తి నుంచి జవాబు:
మీ కాగితంలో మాస్టర్, స్లేవ్ ఎలా రాస్తున్నారు? "యజమాని, బానిస" అని రాసిన పుస్తకం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలాంటిదే ఇంకో పద్ధతి మోడ్‌బస్, దాని వాళ్ళు 2020లో క్లయింట్, సర్వర్ అని మార్చారు. అందులో అడిగేది క్లయింట్, బదులిచ్చేది సర్వర్, కంప్యూటర్ గదిలో పెద్ద పెట్టెను సర్వర్ అనడం అలవాటైనవాళ్ళకు ఇది తిరగేసినట్టుంటుంది. ప్రాఫిబస్‌లోనూ పని అదే, పిఎల్‌సి అడిగితేనే పరికరం నోరు విప్పుతుంది.

మళ్ళీ నేను:
నేను "అడిగేది, బదులిచ్చేది" అనే రాశాను. అడ్రస్‌ను మాత్రం అడ్రస్ గానే ఉంచేశా, చిరునామా అంటే వీధి పేరు అడుగుతారు. పరికరం మీది స్విచ్‌తో అడ్రస్ నంబరు మార్చాక పవర్ ఆపి మళ్ళీ ఇవ్వకపోతే చాలా పరికరాలు పాత నంబరుతోనే ఉంటాయి, ఆ వాక్యం లావు అక్షరాల్లో పెడుతున్నా.